పికప్ ట్రక్కుకి కొత్త ఎగ్జాస్ట్: అపోహలు - వాస్తవాలు

డాలస్ చుట్టుపక్కల మనవాళ్ల డ్రైవ్‌వేల్లో ఇప్పుడు క్యామ్రీ పక్కనే ఒక ఫోర్డ్ ఎఫ్-150 పికప్ కూడా కనిపిస్తోంది. నేను ఎగ్జాస్ట్ షాపులో పనిచేస్తాను. తెలుగువాళ్లు ఎవరొచ్చినా మావాళ్లు నా దగ్గరికే పంపిస్తారు. అందరూ అడిగేవి ఇంచుమించు అవే ప్రశ్నలు.

అపోహ: క్యాట్-బ్యాక్ వేయిస్తే 40 హార్స్‌పవర్ పెరుగుతుంది.

పొగలోని విషవాయువుల్ని తగ్గించే క్యాటలిటిక్ కన్వర్టర్ తర్వాత నుంచి టెయిల్‌పైప్ దాకా ఉన్న భాగమంతా మార్చేది క్యాట్-బ్యాక్ కిట్. బండితో వచ్చిన పైపు మీరనుకునేంత ఇరుకేమీ కాదు. 400 దాకా హార్స్‌పవర్ ఇచ్చే 5.0 లీటర్ల వీ8 (ఎనిమిది సిలిండర్ల ఇంజన్)కి డైనో (పవర్ కొలిచే యంత్రం) మీద ఓ 5 నుంచి 15 పెరిగితే గొప్పే. సీట్లో కూర్చున్నవాళ్లకి ఆ తేడా తెలియదు. మోత పెరిగింది కాబట్టి బండి దూసుకెళ్తున్నట్టు అనిపిస్తుంది, అంతే. మైలేజీ కూడా చెప్పుకోదగ్గంత పెరగదు. పైగా ఆ శబ్దం వినాలని యాక్సిలరేటర్ ఇంకాస్త తొక్కుతారు కాబట్టి మొదటి నెలలో తగ్గుతుంది కూడా.

కాబట్టి మీరు డబ్బు పెట్టేది శబ్దానికి. ఇది ఒప్పుకుని షాపుకొస్తే బేరం తేలిక, పశ్చాత్తాపం తక్కువ.

అపోహ: ఇంజన్‌కి బ్యాక్ ప్రెషర్ (పొగకి ఎదురొత్తిడి) కావాలి.

అక్కర్లేదు. కావాల్సింది పొగ వేగంగా బయటికి పోవడం. పైపు మరీ లావైతే ఆ వేగం తగ్గి, కింది ఆర్‌పీఎం (ఇంజన్ నిమిషానికి తిరిగే చుట్లు)లో లాగుడు కొంచెం మందగించవచ్చు. దాన్ని చూసి "బ్యాక్ ప్రెషర్ పోయింది" అంటారు. ఎఫ్-150 లాంటి సగం టన్ను ట్రక్కుల వీ8లకి 3 అంగుళాల సింగిల్ పైపు చాలు. 4 అంగుళాలవి డీజిల్ బండ్ల వాళ్లకి వదిలేయండి.

అపోహ: యూట్యూబ్‌లో ఎలా వినిపించిందో నా బండిలోనూ అలాగే ఉంటుంది.

ఎక్కువమంది డబ్బు పోగొట్టుకునేది ఇక్కడే. ఆ వీడియోలు బంపర్ వెనక మైకు పెట్టి తీస్తారు. మీరు కూర్చునేది క్యాబిన్ లోపల. హైవే మీద 1,500 నుంచి 2,000 ఆర్‌పీఎం మధ్య పోతుంటే చెవుల్లో, ఛాతీలో ఒక బూమ్ మొదలవుతుంది. దాన్నే డ్రోన్ అంటారు. ఆస్టిన్ దాకా మూడు గంటలు భరించాలంటే తలనొప్పే. వెనక సీట్లో పిల్లలుంటే ఇక చెప్పక్కర్లేదు.

లెక్క చూడండి. వీ8 ఒక్కో చుట్టుకి నాలుగుసార్లు పేలుతుంది. అంటే 1,800 ఆర్‌పీఎం దగ్గర సెకనుకి 120 సార్లు. ఈ 120 హెర్ట్జ్‌ని చంపడానికి మెయిన్ పైపుకి పక్కగా, చివర మూసేసిన ఒక గొట్టాన్ని వెల్డింగ్ చేస్తాం. జే-పైప్ అంటారు. వేడి పొగలో శబ్దం పోయే వేగాన్ని బట్టి దాని పొడవు సుమారు మీటరు వస్తుంది. బండి కింద ఎలాగోలా పట్టించొచ్చు.

చిక్కు కొత్త బండ్లతో. పెట్రోలు ఆదా కోసం హైవే మీద సగం సిలిండర్లు ఆపేసే ఏర్పాటు సిల్వరాడో, రామ్ ట్రక్కుల వీ8లలో ఎప్పటినుంచో ఉంది. ఎఫ్-150 5.0కి 2021 మోడల్ నుంచి వచ్చింది. నాలుగు సిలిండర్ల మీద నడిచేటప్పుడు అదే వేగంలో శబ్దం 60 హెర్ట్జ్‌కి దిగుతుంది, గొట్టం రెట్టింపు పొడవు కావాలి. రెండు మీటర్ల గొట్టం స్పేర్ టైరు, హిచ్ మధ్య ఎక్కడ పెట్టను? అందుకే ఇలాంటి బండికి పెద్ద మఫ్లర్ (శబ్దం తగ్గించే డబ్బా), దానికి తోడు రెజొనేటర్ (డ్రోన్ లాంటి మోతని అణిచే ఇంకో డబ్బా) ఉన్న కిట్టే తీసుకోమంటాను. కంపెనీ రెజొనేటర్‌ని కోసేయమని వచ్చేవాళ్లకి, ముందు అలా కోయించిన బండిలో కూర్చుని హైవే మీద ఒక రౌండ్ వేసి రమ్మంటాను.

ఎకోబూస్ట్ (ఫోర్డ్ టర్బో ఇంజన్) వాళ్లకి ఒక మాట: టర్బో చాలా శబ్దాన్ని మింగేస్తుంది. అది వీ6. ఏ మఫ్లర్ పెట్టినా వీ8 గొంతు రాదు.

అపోహ: ఖరీదైన స్టెయిన్‌లెస్సే కొనాలి.

మీరు ఉండే ఊరిని బట్టి. మిషిగన్, ఒహాయో వైపు చలికాలంలో రోడ్ల మీద ఉప్పు చల్లుతారు, అక్కడ 304 గ్రేడ్ స్టెయిన్‌లెస్‌కి పెట్టిన డబ్బు వృథా కాదు. డాలస్‌లో అల్యూమినైజ్డ్ (అల్యూమినియం పూత వేసిన) స్టీలు కూడా ఏళ్ల తరబడి బాగానే ఉంటుంది. మధ్యలో 409 గ్రేడ్ స్టెయిన్‌లెస్ ఉంది: పైపైన తుప్పు రంగు వస్తుంది కానీ తొందరగా చిల్లు పడదు. "స్టెయిన్‌లెస్" అని మాత్రమే రాసి గ్రేడు చెప్పకపోతే అయస్కాంతం పెట్టి చూడండి. గట్టిగా అతుక్కుంటే అది 304 కాదు.

ధరలు సుమారుగా: మఫ్లర్ ఒక్కటే మార్పిస్తే పనితో కలిపి 200 నుంచి 350 డాలర్లు. అల్యూమినైజ్డ్ క్యాట్-బ్యాక్ 500 నుంచి 800. 304 అయితే 1,000 నుంచి 1,800. బిగించడానికి గంట, రెండు గంటల కూలీ అదనం. మొదటిసారి వచ్చినవాళ్లకి మఫ్లర్ ఒక్కటే మార్చి చూడమంటాను. చాలామంది అక్కడితో ఆగిపోతారు.

ఆన్‌లైన్‌లో కిట్ కొంటే వీల్‌బేస్ (ముందు, వెనక చక్రాల మధ్య దూరం) చూసుకోండి. ఎఫ్-150లో ఒకే సూపర్‌క్రూ (నాలుగు తలుపుల) క్యాబ్ అయినా 5.5 అడుగుల బెడ్డుకి 145 అంగుళాలు, 6.5 అడుగులదానికి 157. తప్పు కిట్ వస్తే పైపు అడుగు పొడవు తేడా వస్తుంది. తిరిగి పంపే షిప్పింగ్ ఖర్చు చూస్తే గుండె ఆగుతుంది.

అపోహ: టెక్సస్‌లో ఇన్‌స్పెక్షన్ ఎత్తేశారు కాబట్టి కన్వర్టర్ కూడా తీసేయొచ్చు.

2025 జనవరి నుంచి సొంత బండ్లకి ఎత్తేసింది సేఫ్టీ ఇన్‌స్పెక్షన్ మాత్రమే. డాలస్, కాలిన్, డెంటన్, టారంట్ కౌంటీల్లో పెట్రోలు బండ్లకి ఎమిషన్ టెస్ట్ అలాగే ఉంది. కన్వర్టర్ తీసేయడం ఎలాగూ ఫెడరల్ క్లీన్ ఎయిర్ యాక్ట్ ప్రకారం చట్టవిరుద్ధం. డీజిల్ ట్రక్కుకి ఆ టెస్ట్ లేకపోయినా, డీపీఎఫ్ (పొగలో మసిని పట్టే ఫిల్టరు) తీసేయడానికి ఇదే చట్టం అడ్డు. "అన్నా, క్యాష్ ఇస్తా" అన్నా మేం చేయం. మఫ్లర్‌ని దాటేసే కటౌట్లని టెక్సస్ చట్టమే ఒప్పుకోదు.

అపోహ: ఎగ్జాస్ట్ ముట్టుకుంటే వారంటీ మొత్తం పోతుంది.

పోదు. 1975 నాటి మాగ్నసన్-మాస్ చట్టం ప్రకారం, మీరు వేయించిన భాగం వల్లే ఆ రిపేరు వచ్చిందని చూపించకుండా వారంటీ కాదనకూడదు. పాత పైపులు మాత్రం పారేయకండి, గరాజ్‌లో ఓ మూల పెట్టుకోండి. బండి అమ్మేటప్పుడో, హెచ్ఓఏ (కాలనీ ఇళ్ల సంఘం) నుంచి ఉత్తరం వచ్చినప్పుడో పనికొస్తాయి. బిగించిన రోజు కాస్త పొగ, నూనె వాసన వస్తే కంగారు పడొద్దు. ఓ 100 మైళ్లు తిరిగాక మీరు షాపుకొస్తే క్లాంపులు మళ్లీ బిగించి పంపుతాం, దానికి డబ్బులేం తీసుకోం.