పిస్టల్ బ్యారెల్ మార్పిడి: అపోహలు – వాస్తవాలు

చిత్తూరులో లైసెన్సు ఉన్న ఆయుధాల మరమ్మతు నా వృత్తి. తిరుపతి, పలమనేరు, మదనపల్లె వైపు నుంచి వచ్చే ఆయుధదారుల్లో కొందరు, తూటా దూసుకెళ్లే గొట్టమైన బ్యారెల్‌ను ఇంట్లోనే రెండు నిమిషాల్లో మార్చే వీడియోలు చూసి, మనం మాత్రం ఎందుకు మార్చుకోకూడదని అడుగుతున్నారు. ఆ వీడియోల్లో కనిపించేవి ఎక్కువగా 9 మిల్లీమీటర్ల పిస్టళ్లు. మన దేశంలో సాధారణ పౌరులకు ఆ బోరు (బ్యారెల్ లోపలి వ్యాసపు కొలత) నిషిద్ధం కాబట్టి, ఇక్కడి లైసెన్సులపై ఉండేవి ప్రధానంగా .32 బోరు పిస్టళ్లే. వీటి నిర్మాణం వేరు, వర్తించే చట్టమూ వేరు.

అపోహ: బ్యారెల్ విడిభాగమే తప్ప ఆయుధం కాదు, పైగా పిస్టల్ నాది, లైసెన్సు నాది.

1959 నాటి ఆయుధాల చట్టం ఆయుధాల భాగాలను కూడా ఆయుధాలుగానే నిర్వచించింది. అందువల్ల బ్యారెల్‌ను కొరియర్‌లో తెప్పించుకోవడం వాచీకి కొత్త పట్టీ కొనడం వంటిది కాదు. ఆయుధాన్ని దగ్గర ఉంచుకోవడానికి ఇచ్చే లైసెన్సు వేరు, 5వ సెక్షన్ కింద తయారీకి, మార్పుకు, మరమ్మతుకు, పరీక్షకు ఇచ్చే లైసెన్సు వేరు. సొంత పిస్టల్‌ను సొంతంగా మరమ్మతు చేసుకోవచ్చన్న మినహాయింపు ఆ సెక్షన్‌లో లేదు. 2019 సవరణ తరువాత ఈ ఉల్లంఘనకు కనీస శిక్ష ఏడేళ్లు, గరిష్ఠ శిక్ష యావజ్జీవం. బ్యారెల్ మీద గుర్తింపు సంఖ్య ఉంటే దాన్ని చెరపడం, మార్చడం కూడా నేరమే. ఆయుధాన్ని శుభ్రం చేసుకుని నూనె పూయడం మాత్రం యజమాని బాధ్యత. ఆ పని మానవద్దని అందరినీ కోరుతున్నాను.

అపోహ: బోరు ఒకటే అయితే ఏ బ్యారెల్ అయినా సరిపోతుంది, బిగుతుగా ఉంటే ఆకురాయితో కాస్త రుద్దితే చాలు.

నన్ను ఎక్కువగా భయపెట్టే మాట ఇదే. తూటా పేలిన క్షణంలో ఆ ఒత్తిడిని మోసేది బ్యారెల్ ఒక్కటే కాదు; బ్యారెల్, దాని మీద ముందుకు వెనుకకు జారే స్లైడ్, పిడితో కూడిన ఫ్రేమ్, స్ప్రింగ్ కలిసి మోస్తాయి. ఈ .32 బోరు పిస్టళ్లలో వాడే .32 ఏ.సి.పి. రకం తూటాకు ఐరోపా ప్రమాణం అనుమతించే గరిష్ఠ పీడనం 1600 బార్లు (బార్ అంటే దాదాపు ఒక వాతావరణ పీడనం). తూటా, దాన్ని ఉంచే బ్యారెల్ వెనుక భాగమైన చాంబర్‌లో ఎక్కడ ఆగుతుంది, దాని వెనుక స్లైడ్ ముఖం ఎంత దగ్గరగా నిలుస్తుంది అన్న కొలతను మేము హెడ్‌స్పేస్ అంటాము. ఆ కొలత ఎక్కువైతే తూటా ఇత్తడి తొడుగైన ఖోకాకు వెనుక ఆసరా తగ్గి అది చిట్లవచ్చు, లేదా తూటా పేలకుండా ఉండిపోవచ్చు. తక్కువైతే స్లైడ్ పూర్తిగా మూసుకోదు. ఈ తేడాలు కంటికి కనిపించేవి కావు, గేజీలతోనే తెలుస్తాయి, పైగా రుద్ది తీసేసిన లోహాన్ని తిరిగి అతికించే మార్గం లేదు. వాల్తర్ పీ.పీ.కే. వంటి పిస్టళ్లలో బ్యారెల్‌ను ఫ్రేమ్‌లోకి నొక్కి, పిన్నుతో బిగించి ఉంచుతారు. దాన్ని చేతితో లాగి తీసే ప్రశ్నే లేదు. అమర్చడం ముగిసినా పని ముగిసినట్టు కాదు. పిస్టల్ బ్యారెళ్లకు ఐరోపా విధానంలో చేసే ప్రూఫ్ పరీక్షలో, గరిష్ఠ పీడనం కంటే 30 శాతం ఎక్కువ పీడనం కలిగించే తూటాలను పేలుస్తారు. ఇంట్లో చేసిన అమరికకు ఆ హామీ ఎవరిస్తారు?

అపోహ: గురి తప్పుతోందంటే బ్యారెల్ అరిగిపోయినట్టే.

ఏడాదికి కొనగలిగే తూటాలకే పరిమితి ఉన్న లైసెన్సుదారుడు, ఆత్మరక్షణ కోసం బీరువాలో ఉంచిన పిస్టల్‌తో బ్యారెల్‌ను అరగదీయడం దాదాపు అసాధ్యం. నా అనుభవంలో అసలు కారణం సాధారణంగా లోపల పేరుకున్న మసి, సీసం, సత్తువ కోల్పోయిన రికాయిల్ స్ప్రింగ్, వంగిన మ్యాగజైన్ అంచులు, లేదా పాతబడిన తూటాలు. వీటిని చూడకుండా కొత్త బ్యారెల్ వేస్తే డబ్బు పోతుంది, లోపం మిగులుతుంది.

మన ప్రాంతంలో బ్యారెల్‌కు నిజమైన శత్రువు తుప్పు. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఈశాన్య రుతుపవనాల తేమ ఉంటుంది, తోలు ఒర ఆ తేమను పట్టి ఉంచుతుంది. పిస్టల్‌ను ఒరలోనే వదిలేసిన ఇళ్లలో బ్యారెల్ లోపలి మెలిక గాడులు తుప్పుతో గుంటలు పడతాయి. ఎన్నికల సమయంలో డిపాజిట్ చేసిన ఆయుధాలది మరో కథ. 2024లో ఎన్నికల నియమావళి మార్చి 16న అమల్లోకి వచ్చింది, ఓట్ల లెక్కింపు జూన్ 4న జరిగింది. అన్నాళ్లు నూనె లేకుండా ఉన్న ఆయుధం పాడవడంలో ఆశ్చర్యం లేదు. డిపాజిట్ చేసే ముందు ఖాళీ చేసి, బ్యారెల్ లోపల పలుచగా నూనె పూసి, తోలు ఒర లేకుండా అప్పగించండి, తిరిగి తీసుకున్న రోజే శుభ్రం చేయండి.

బ్యారెల్‌ను నిజంగా మార్చవలసిన సందర్భాలు కొన్ని ఉన్నాయి: లోతైన గుంటలు, పగుళ్లు, లేదా లోపల ఒక బుల్లెట్ ఇరుక్కుని ఉండగా మరొకటి పేలడం వల్ల ఏర్పడిన వలయాకారపు ఉబ్బు. పేల్చినప్పుడు శబ్దం మామూలు కంటే బలహీనంగా వినిపిస్తే, బుల్లెట్ లోపలే ఇరుక్కుని ఉండవచ్చు కాబట్టి, రెండోసారి ట్రిగ్గర్ నొక్కవద్దు. పిస్టల్‌ను ఖాళీ చేసి, లైసెన్సు పుస్తకంతో స్వయంగా, మరమ్మతు లైసెన్సు ఉన్నవారి దగ్గరకు తీసుకురండి. ఎవరి చేతనో పంపవద్దు. రిజిస్టరులో నమోదు చేయించుకుని రసీదు తీసుకోండి, బ్యారెల్ మార్పు తప్పనిసరి అని తేలితే లైసెన్సు ఇచ్చిన కలెక్టరు కార్యాలయానికి ముందే రాతపూర్వకంగా తెలియజేయండి. 2022 ఏప్రిల్ 4న తిరుపతి జిల్లా ఏర్పడిన తరువాత కొందరు ఇప్పటికీ పాత అలవాటు ప్రకారం చిత్తూరుకే దరఖాస్తు తెస్తున్నారు. మీ నివాసం ఇప్పుడు ఏ జిల్లా పరిధిలో ఉందో చూసుకుని ఆ కార్యాలయానికే వెళ్లండి.