రాణి రూపాయి మీద కాయలు లెక్కపెట్టండి

చిరంజీవి పిల్లలకు,

తాతయ్య ఆశీస్సులు. మీ నాయనమ్మ వాళ్ళ పాత పెట్టెలో దొరికిన వెండి రూపాయల ఫోటోలు చూశాను. రెండింటి మీదా 1840 అనే ఉంది కదా, మరి బొమ్మలు ఎందుకు తేడాగా ఉన్నాయి, ఒకటి దొంగదా అని అడిగారు. అమ్మితే ఎంత వస్తుందని కూడా అడిగారు. ధర మాట ఇంకోసారి. మీ మొదటి ప్రశ్న చాలా మంచి ప్రశ్న, దానికే ఈ ఉత్తరం.

ఒక రూపాయి మీద ‘విక్టోరియా క్వీన్’ అనే అక్షరాలు రాణి తల మీదుగా తెగకుండా సాగాయి. రెండో దాని మీద విక్టోరియా ఒక పక్క, క్వీన్ ఇంకో పక్క ఉన్నాయి. ఈ తేడా ఉన్నంత మాత్రాన ఏదీ దొంగది కాదు. ఈస్టిండియా కంపెనీ ఈ రెండు రకాలూ కొట్టించింది. 1840 అనే అంకె చూసి ఆ ఏడాదే తయారైందనుకోకండి. 1862లో కొత్త రూపాయి వచ్చేదాకా అదే తేదీతో కలకత్తా, బొంబాయి, మద్రాసు టంకశాలలు కొడుతూనే ఉన్నాయి. 1862 అని ఉన్న రూపాయి కథ కూడా ఇంతే, అది 1874 దాకా నడిచింది. కాకపోతే బొంబాయివాళ్ళు తేదీ దగ్గర చిన్న చుక్కలు పెట్టేవారు. ఆ చుక్కలను బట్టి ఏ ఏడు కొట్టారో లెక్కగడతారు. తేదీ కిందనో పైననో చుక్క కనబడితే మురికి అనుకుని గోకేయకండి!

ఇప్పుడు అచ్చు సంగతి. రూపాయికి రెండు ఉక్కు అచ్చులు కావాలి, బొమ్మకొకటి, బొరుసుకొకటి. వెండి బిళ్లను మధ్యలో పెట్టి గట్టిగా నొక్కితే రెండు వైపులా ముద్ర పడుతుంది. కొట్టగా కొట్టగా అచ్చు అరుగుతుంది, పగులుతుంది, దాన్ని తీసేసి కొత్తది పెడతారు. లక్షల రూపాయలు కొట్టాలంటే ఒక అచ్చు చాలదు, ఎన్నో కావాలి. వాటిలో కొన్ని గుర్తులను పనివాడు చేత్తో విడిగా కొట్టేవాడు. అందుకే ఒక అచ్చుకీ ఇంకో అచ్చుకీ వెంట్రుకవాసి తేడా మిగిలిపోయింది. మనం వెతికేది ఆ తేడానే.

మీ రూపాయిని బొరుసు వైపు తిప్పండి. ఆకుల దండలో ఆవగింజల్లాంటి కాయలు కనిపిస్తాయి. అక్షరాలు విడిపోయిన రకంలో కొన్నింటికి 28 కాయలుంటే, కొన్నింటికి 35 ఉంటాయి. తర్వాత బొమ్మ వైపు రాణి మెడ తెగిన చోట భూతద్దం పెట్టి చూడండి. అక్కడ ‘డబ్ల్యూ.డబ్ల్యూ.’ ఉంటే అది బొమ్మ చెక్కిన విలియం వయాన్ పేరు. ఆ అక్షరాలు కొన్నింటిలో పైకి ఉబ్బి ఉంటాయి, కొన్నింటిలో లోపలికి దిగి ఉంటాయి. అంతకు ముందటి 1835 రూపాయి మీద నాలుగో విలియం రాజు మెడ దగ్గర ‘ఎఫ్’ ఉంటే ఫోర్బ్స్, ‘ఆర్.ఎస్.’ ఉంటే రాబర్ట్ సాండర్స్. ఇద్దరూ కలకత్తా టంకశాల అధికారులు. ఏ అక్షరమూ లేని రూపాయలూ ఉన్నాయి.

అచ్చు తేడాకీ దెబ్బకీ మధ్య గీత ఎలా గీయాలో నేర్చుకుంటే సగం విద్య వచ్చేసినట్టే. అచ్చు మీద బొమ్మ అద్దంలోలా కుడిఎడమలు మారి, లోతుగా ఉంటుంది. కాబట్టి అచ్చు పగిలితే వెండి ఆ పగుల్లోకి వెళ్ళి రూపాయి మీద సన్నని గట్టులా లేస్తుంది. అదే రూపాయి కింద పడి గీసుకుపోతే గీత లోపలికి దిగుతుంది. పైకి లేచిన గీత టంకశాలలో పుట్టింది, దిగిన గీత తర్వాత ఎవరి చేతిలోనో పడింది. లైటును పక్క నుంచి పెట్టి రూపాయిని నెమ్మదిగా వంచి చూడండి, నీడ ఏ వైపు పడుతుందో అదే చెబుతుంది. అంకె రెండుగా కనబడితే వెంటనే సంబరపడకండి. కొట్టేటప్పుడు అచ్చు కొంచెం కదిలినా అలా కనిపిస్తుంది, కాని అప్పుడు రెండో అంకె చదునుగా, అరుగులా ఉంటుంది. అచ్చు మీదే అంకెను రెండుసార్లు కొట్టి ఉంటే రెండూ గుండ్రంగా, నిండుగా ఉంటాయి. పాత రోజుల్లో ఆడవాళ్ళు రూపాయలకు కొక్కెం అతికించి మెడలో వేసుకునేవారు. అంచు మీద ఆ అతుకు మచ్చ ఉంటే దాన్ని కొత్త రకం అనుకోకండి.

ఒక్క మాట గట్టిగా చెబుతున్నా, తోమకండి. మీ వయసులో నేను ఒక 1835 రూపాయిని చింతపండుతో, బూడిదతో తళతళలాడేలా తోమాను. మెడ దగ్గర అక్షరం ఉందో లేదో తెలియకుండా పోయింది. అది ఏ రకమో ఈ రోజుకీ నేను చెప్పలేను, ఆ బాధ నన్ను వదల్లేదు. నల్లబడితే నల్లగానే ఉండనివ్వండి. అంచు పట్టుకుని చూసి, కాగితం కవర్లో పెట్టండి. తూకం మాత్రం వేయండి. మంచి రూపాయి 11.66 గ్రాములు, అంటే ఒక తులం. ఆనాటి తులం, ఈ రూపాయి తూకం ఒకటే. అరుగుదలకు కాస్త తగ్గొచ్చు, బాగా తగ్గితే అనుమానించాలి.

ఇక అరుదు అనే మాట. పాతది కాబట్టి అరుదు అనుకోవడం పెద్ద పొరపాటు. ఎన్ని కొట్టారన్నది ఒక లెక్క, ఎన్ని మిగిలాయన్నది ఇంకో లెక్క. 1911లో ఐదో జార్జి రూపాయి వచ్చినప్పుడు రాజు అంగీ మీది ఏనుగు పందిలా ఉందని జనం గొడవ చేశారు. చాలావాటిని వెనక్కి తీసుకుని కరిగించారు, 1912 నాటికి ఏనుగును దిద్దారు. 1918లో అమెరికా పిట్‌మన్ చట్టం చేసి 27 కోట్లకు పైగా వెండి డాలర్లు కరిగించి, ఆ వెండిలో ఎక్కువ భాగం మన దేశం రూపాయల కోసం బ్రిటన్‌కు అమ్మింది. అందుకే 1918 రూపాయి వందేళ్ళు దాటినా ఇంకా విరివిగా దొరుకుతుంది. వయసులో దానికంటే చిన్నదైన 1939 రూపాయి మాత్రం కళ్ళబడటమే కష్టం. 1940 నుంచి వెండిని సగానికి తగ్గించారు, పాత నిండు వెండి రూపాయలు ప్రభుత్వం చేతిలోనే ఆగిపోయాయి. దానికున్న గిరాకీ చూసి 1938 రూపాయి మీది చివరి అంకెను గీసి 9గా మార్చేవాళ్ళున్నారు. ఆ అంకె చుట్టూ వెండి నేల గరుకుగా ఉంటే దూరంగా ఉండండి.

సేకరించేవాళ్ళు షెల్డన్ అనే ఆయన పెట్టిన కొలత వాడతారు. ఆర్-1 అంటే మామూలు. ఆర్-7 అంటే 4 నుంచి 12 దాకా తెలిసినవి, ఆర్-8 అంటే మూడు, లేదా అంతకంటే తక్కువ. నా అభిప్రాయం చెప్పమంటే, అచ్చు రకాలకు ఈ అంకెలను పెన్సిల్‌తో రాసుకోవాలి. ఎవరూ కాయలు లెక్కపెట్టనంత కాలం ఏదైనా అరుదుగానే కనిపిస్తుంది. నలుగురు భూతద్దం పట్టేసరికి ఇంకో పది బయటపడతాయి.

ఇప్పుడు మీ పని. రెండు రూపాయలనూ తూకం వేసి, మెడ దగ్గర, తేదీ దగ్గర పక్క వెలుతురులో ఫోటోలు తీయండి. కాయలు ఇద్దరూ విడివిడిగా లెక్కపెట్టి, ఒకరిది ఒకరు చూడకుండా కాగితం మీద రాసుకోండి. లెక్క కలవకపోతే టెన్షన్ పడకండి, ఆకు చాటున దాక్కున్న కాయ ఒకటి తప్పకుండా ఉంటుంది. రెండు కాగితాలూ నాకు పంపండి.

ఇట్లు,
మీ తాతయ్య