తొమ్మిదో నంబరు రోడ్డు మీద మన అంబాసిడర్

చిన్నీ, బుజ్జీ,

మొన్న సూర్యాపేటలో టీ తాగుతుంటే అడిగారు కదా, "తాతయ్యా, హైదరాబాద్ నుంచి బెజవాడ వెళ్ళడానికి మీకు పొద్దంతా ఎందుకు పట్టేది?" అని. అక్కడ సగమే చెప్పాను.

ఇప్పుడు 65వ నంబరు అంటున్న ఆ హైవే అప్పట్లో 9. మధ్యలో డివైడర్ లేదు. మనం వెళ్ళేదీ, ఎదురు లారీలు వచ్చేదీ ఒకే రోడ్డు మీద. చౌటుప్పల్, నకిరేకల్, సూర్యాపేట, కోదాడ, నందిగామ, అన్నీ ఊళ్ళోంచి దాటాల్సిందే. సంత రోజైతే ఇక చెప్పక్కర్లేదు. ఆ ఓవర్‌టేకులు తలుచుకుంటే ఇప్పటికీ గుండె దడే. రోడ్డు వరకూ మీ కాలమే నయం.

మనది అంబాసిడర్ మార్క్ 2. ఇంగ్లండు వాళ్ళ మోరిస్ ఆక్స్‌ఫర్డ్‌కి మన దేశంలో పుట్టిన తమ్ముడు. కలకత్తా దగ్గర ఉత్తర్‌పారాలో ఆ బండ్లు 2014 దాకా తయారయ్యాయి. గేరు రాడ్డు స్టీరింగ్ కిందే ఉండేది. అందుకే ముందు సీటు బల్లలా ఒకటే, మీ నాన్న మా ఇద్దరి మధ్య కూర్చునేవాడు. డిమ్ స్విచ్ ఎక్కడనుకున్నారు? క్లచ్ పక్కన, నేల మీద! రాత్రి ఎదురు లారీ కనబడితే ఎడమ కాలితో టక్కున నొక్కాలి. ఏసీ అంటే తలుపు అద్దం ముందున్న చిన్న త్రికోణం అద్దమే. దాన్ని లోపలికి తిప్పితే గాలి సూటిగా మొహానికి కొట్టేది. మే నెలలో మాత్రం వడగాలే.

ఆ ఎండల్లోనే ఒకసారి నకిరేకల్ దాటాక బండి దగ్గి దగ్గి ఆగిపోయింది. ట్యాంకులో పెట్రోలు నిండుగా ఉంది. ఇది ఆ కాలపు చాలా కార్లకు ఉన్న వేసవి జబ్బే. పెట్రోలు పంపు ఇంజనుకి అతుక్కునే ఉంటుంది. ఆ వేడికి లోపలి పెట్రోలు ఆవిరైపోతుంది. పంపు పెట్రోలుని లాగగలదు గానీ ఆవిరిని లాగలేదు. ఇక పెట్రోలుని గాలితో కలిపి ఇంజనుకి పంపే కార్బురేటర్‌కి చుక్క అందదు. మందు ఏమిటంటే తడిగుడ్డ. మీ నానమ్మ మరచెంబులో నీళ్ళతో నా తువ్వాలు తడిపి పంపుకి చుట్టింది. చింతచెట్టు కింద పులిహోర తిని లేచేసరికి బండి స్టార్టయింది.

అంతటితో ఊరుకోక, రేడియేటర్లో నీళ్ళెలా ఉన్నాయో చూద్దామని మూత తిప్పాను. ఇంజను వేడిగా ఉండగా ఆ మూత ముట్టుకోకూడదని తెలిసీ! నా మణికట్టు మీద మచ్చ చూపించి పులి కరిచిందని చెప్పేవాణ్ణే, ఆ పులి ఇదే.

మీ తాతయ్య