స్కూటీ ఉంది, బజారుకు వెళ్లలేదు

ఇంటింటి సర్వేలు చేయడం నా వృత్తి. “మీరు లెక్కపెట్టేది ఆస్తులే కదా?” అని అడిగేవారికి విడివిడిగా జవాబు చెప్పే ఓపిక తగ్గింది. అందుకే ఆస్తుల లెక్క ఒక్కటే ఎందుకు చాలదో ఇక్కడ రాస్తున్నాను.

అపోహ: ఇంట్లో వస్తువు ఉంటే ఆ సౌకర్యం అందినట్టే.

వాస్తవం: ఒక ఇంట్లో స్కూటీ కనిపిస్తే ‘ద్విచక్ర వాహనం’ గడిలో టిక్కు పెట్టాను. కాసేపటికి కోడలిని అడిగాను: “బజారుకు ఒంటరిగా వెళ్తారా?” ఆమె నోరు తెరిచేలోపే అత్తగారు అందుకున్నారు: “దానికి బజారులో ఏం పని? మావాడు తెస్తాడుగా!” కోడలు డిగ్రీ చదివింది. స్కూటీ పుట్టింటివారు పెట్టినదే. ఆస్తుల లెక్కలో ఆ ఇల్లు కలిగిన ఇల్లు.

జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో ఈ ప్రశ్నను మూడు చోట్ల గురించి అడుగుతారు: బజారు, ఆసుపత్రి, ఊరి బయట. జవాబులూ మూడే: ఒంటరిగా, తోడుతో, అసలు వెళ్లనివ్వరు. ఆర్థికవేత్త అమర్త్య సేన్ సైకిల్‌ను ఉదాహరణగా చెప్పింది ఇందుకే. సైకిల్ ఒక వస్తువు, దానిమీద వెళ్లగలగడం సామర్థ్యం. ఆ రెంటికీ నడుమ ఒంట్లో సత్తువ, రోడ్డు, ఇంట్లోవాళ్ల ఒప్పుదల లేకపోవడం అడ్డుపడవచ్చు.

అపోహ: సుఖంగా ఉన్నారా అని అడిగితే సరిపోతుంది.

వాస్తవం: అదే కోడలిని అడిగాను. “నాకేం, బాగానే ఉన్నాను” అంది. లేమికి అలవాటు పడ్డవాళ్లు ఫిర్యాదు చేయరు.

అపోహ: వస్తువులను కాక సామర్థ్యాన్ని చూసే ఈ పద్ధతిలో డబ్బుకు విలువ లేదు.

వాస్తవం: ఉంది. 1990లో పాకిస్తాన్ ఆర్థికవేత్త మహబూబ్ ఉల్ హక్ ఐక్యరాజ్యసమితి తరఫున తెచ్చిన మానవాభివృద్ధి సూచీలో ఆయుర్దాయం, చదువుతో పాటు తలసరి ఆదాయమూ ఉంది. కాకపోతే దాన్ని లాగరిథమ్‌లో తీసుకుంటారు, అంటే ఎంత పెరిగిందని కాక ఎన్ని రెట్లు పెరిగిందని చూస్తారు. ఏడాదికి 1,000 డాలర్లు 2,000 అయినా, 30,000 డాలర్లు 60,000 అయినా ఆదాయ భాగంలో పెరుగుదల ఒకటే. 75,000 దాటాక ఎంత వచ్చినా లెక్కలోకి రాదు.

మనిషి బతుకును ఒక్క అంకెలో ఇరికించడం సేన్‌కు మొదట నచ్చలేదు. జీడీపీ అనే మోటు అంకెను దించాలంటే అంతే మోటు అంకె కావాలని హక్ పట్టుబట్టారు. నా ఓటు హక్‌కే, అయినా ఆ అంకెలో స్కూటీ ఇంటి కోడలు కనిపించదు.

అపోహ: తిన్న పూటలు లెక్కపెడితే ఆకలి తెలిసిపోతుంది.

వాస్తవం: ఉపవాసం, పస్తు అని తెలుగులో రెండు మాటలున్నాయి. మా ఫారంలో ఉన్నది ఒకే గడి. “నిన్న ఎన్ని పూటలు తిన్నారు?” అంటే ఒక పెద్దావిడ “ఒక్క పూటే” అన్నారు. రాసుకుని లేస్తుంటే తులసికోట దగ్గర ఆరిపోయిన ప్రమిదలు కనిపించాయి. నిన్న కార్తీక సోమవారం. మళ్లీ కూర్చుని గడి పక్కన పెన్సిల్‌తో ఆ ముక్క రాశాను.

పక్కింట్లోనూ “ఒక్క పూటే” అన్నారు. ఆ ఇంటాయనకు రెండు రోజులుగా కూలి దొరకలేదు.