థీసిస్‌కు ఏ సాఫ్ట్‌వేర్ మంచిది? కొన్ని అపోహలు, వాస్తవాలు

థీసిస్‌లనూ జర్నల్ పత్రాలనూ సమర్పణకు సిద్ధం చేసిపెట్టడం నా పని. గడువు ముంచుకొచ్చాక నా దగ్గరకు వచ్చేవారిలో ఎక్కువమంది ఒకే మాటతో మొదలుపెడతారు: "సాఫ్ట్‌వేర్ ఎంచుకోవడంలోనే పొరపాటు జరిగిందండీ, దీన్ని వేరేదానిలోకి మార్చేయండి." విషయసూచికలో పుట సంఖ్యలు సరిపోవు, పటం ఒక పుటలోనూ దాని కింద ఉండాల్సిన వివరణ మరో పుటలోనూ పడతాయి, అధ్యాయం పుట మధ్యలో మొదలవుతుంది. నింద మాత్రం వర్డ్ మీదో, ఉచితంగా దొరికే లిబ్రెఆఫీస్ మీదో పడుతుంది. ఫైలు తెరిచి చూస్తే కారణం మరోచోట ఉంటుంది.

అపోహ: తెర మీద శీర్షికలా కనిపిస్తే అది శీర్షికే.

పరిశోధకుల సమయాన్ని అన్నిటికంటే ఎక్కువగా తినేసే అపోహ ఇదే. ఒక వాక్యాన్ని ఎంపిక చేసి, బోల్డ్ చేసి, అక్షరాల పరిమాణం 16 పాయింట్లకు పెంచితే మన కంటికి అది శీర్షిక అవుతుంది కానీ, సాఫ్ట్‌వేర్ లెక్కలో మాత్రం అది కాస్త లావుపాటి అక్షరాలున్న మామూలు పేరాగానే మిగిలిపోతుంది. వర్డ్ సేవ్ చేసే డాక్స్ (.docx) ఫైలు నిజానికి ఒక జిప్ పొట్లం. దాని లోపలున్న ఎక్స్ఎంఎల్ అనే గుర్తుల భాషలో ప్రతి పేరాకూ ఏ స్టైల్ (పేరు పెట్టిన అమరిక) వర్తిస్తుందో రాసి ఉంటుంది, "హెడింగ్ 1" అన్న గుర్తు ఉన్న పేరాలను ఏరుకునే విషయసూచిక తయారవుతుంది. ఆ గుర్తు లేకపోతే వర్డ్‌కైనా లిబ్రెఆఫీస్‌కైనా ఏరుకోవడానికి ఏమీ దొరకదు. అందుకే చాలామంది విషయసూచికను చేత్తో టైపు చేసి, చుక్కలు కూడా చేత్తోనే పెట్టి, గైడు ఒక పేరా చేర్చమన్న ప్రతిసారీ పుట సంఖ్యలన్నీ మళ్లీ దిద్దుకుంటూ కూర్చుంటారు.

ఆ మధ్య ఒక పరిశోధక విద్యార్థిని వచ్చారు. రెండో అధ్యాయంలో ఒక పటం చేర్చమని గైడు చెప్పారట. ఆ తరువాతి పటాల సంఖ్యలన్నీ ఒకటి చొప్పున పెరగాలి, "పటం 7లో చూపినట్లు" వంటి వాక్యాలన్నీ మారాలి. విసిగిపోయి ఫైలును వర్డ్ నుంచి లిబ్రెఆఫీస్‌కూ, అక్కడి నుంచి గూగుల్ డాక్స్‌కూ, తిరిగి వర్డ్‌కూ మార్చి చూశారు. ప్రతి మార్పుకూ పరిస్థితి ఇంకొంచెం చెడింది. నేను కనిపించని గుర్తులను చూపించే బటన్ నొక్కాను. అధ్యాయం చివర ఖాళీగా ఉందనుకున్న చోట పేరా గుర్తులు నిలువునా వరుస కట్టి ఉన్నాయి. కొత్త అధ్యాయం కొత్త పుటలో మొదలవ్వాలని ఎంటర్ కీ నొక్కుతూ పోయిన ఫలితం అది. పట్టికలా కనిపించిన చోట స్పేస్ బార్ చుక్కలు పరుచుకుని ఉన్నాయి. ఆమె కొంతసేపు తెర వంక చూసి, "ఇవన్నీ ఎప్పటినుంచి ఉన్నాయండీ?" అని అడిగారు. మొదటి రోజు నుంచీ ఉన్నవే. ఆ ఫైలు చివరకు వర్డ్‌లోనే పూర్తయింది. అది కూడా ఆమె భయపడినంత సమయం తీసుకోలేదు.

చేసిందల్లా ఇదే. శీర్షికలకు హెడింగ్ స్టైల్స్ ఇచ్చాం (వర్డ్‌లో కంట్రోల్, ఆల్ట్, 1, లిబ్రెఆఫీస్ రైటర్‌లో కంట్రోల్, 1). హెడింగ్ 1 స్టైల్‌లోనే "ముందు పేజ్ బ్రేక్" అని పెట్టి ఖాళీ పేరాలను తొలగించాం. పటాలకు ఇన్సర్ట్ క్యాప్షన్‌తో సంఖ్యలు ఇచ్చి, వాక్యాల్లో చేత్తో రాసిన అంకెల స్థానంలో క్రాస్ రిఫరెన్స్‌లు, అంటే పటం సంఖ్యతో ముడిపడిన సూచనలు, పెట్టాం. ఆ తరువాత మొత్తం ఎంపిక చేసి ఎఫ్9 నొక్కితే సంఖ్యలన్నీ వాటంతట అవే సర్దుకున్నాయి. ఇదే పనిని లిబ్రెఆఫీస్‌లో టూల్స్ మెనూలోని అప్‌డేట్ ఆల్ చేస్తుంది. ముందు పుటలకు రోమన్ అంకెలు, ప్రధాన భాగానికి 1 నుంచి సంఖ్యలు కావాలంటే వర్డ్‌లో సెక్షన్ బ్రేక్ వాడాలి, లిబ్రెఆఫీస్‌లో పేజ్ స్టైల్ వాడాలి. ఈ రెండింటి మధ్య నిజంగా కొత్తగా నేర్చుకోవాల్సిన తేడా ఏదైనా ఉంటే అది ఇలాంటిదే.

అపోహ: లేటెక్‌లో రాస్తేనే పత్రానికి విలువ.

డోనాల్డ్ క్నూత్ 1978లో టెక్ అనే పుటల కూర్పు సాఫ్ట్‌వేర్‌ను తీసుకొచ్చారు, దాని మీద లెస్లీ లాంపోర్ట్ 1980లలో లేటెక్‌ను నిర్మించారు. పుట నిండా సమీకరణాలుండే గణితానికీ భౌతిక శాస్త్రానికీ అది ఇప్పటికీ తిరుగులేని సాధనం. అయితే లేటెక్ పత్రాలు క్రమశిక్షణగా కనిపించడానికి ఒక ముఖ్య కారణం, ఇది శీర్షిక, ఇది పటం, ఇది ఉల్లేఖన అని రచయిత విడిగా చెప్పక తప్పని పద్ధతి అది కావడమే. అదే పద్ధతిని వర్డ్‌లో స్టైల్స్ ద్వారా పాటించవచ్చు, కాకపోతే వర్డ్ బలవంతపెట్టదు. మీ గైడు వర్డ్‌లో దిద్దుబాట్లను గుర్తుపెట్టి చూపే ట్రాక్ చేంజెస్‌లో దిద్దే మనిషైతే, మీ రంగంలోని జర్నళ్లు డాక్స్ ఫైలే అడుగుతుంటే, లేటెక్ మీకు అదనపు భారం. గడువుకు రెండు వారాల ముందు దాన్ని నేర్చుకోవడం మొదలుపెట్టవద్దని మాత్రం గట్టిగా చెబుతాను.

అపోహ: ఉచిత సాఫ్ట్‌వేర్‌లో రాసిన పత్రాన్ని జర్నళ్లు తీసుకోవు.

జర్నల్‌కు కావలసింది ఫైలు రూపం. అది ఏ ప్రోగ్రామ్‌లో తయారైందన్నది వారికి అనవసరం. లిబ్రెఆఫీస్ 2010లో ఓపెన్ఆఫీస్ నుంచి విడివడింది. దాని సొంత ఫైలు రూపమైన ఓడీఎఫ్‌కు 2006లోనే అంతర్జాతీయ ప్రమాణాల సంస్థ ఐఎస్ఓ గుర్తింపు లభించింది. డాక్స్‌నూ పీడీఎఫ్‌నూ కూడా అది రాయగలదు. ఇక లిబ్రెఆఫీస్ ఫైలును కాపీలు పట్టే సాఫ్ట్‌వేర్ అనుమానిస్తుందన్న పుకారుకు సమాధానం చెప్పడం కూడా దండగే. అది పోల్చేది పాఠాన్ని, ప్రోగ్రామ్‌ను కాదు.

నిజమైన ఇబ్బంది వేరే ఉంది. ఒకే ఫైలును ఇవాళ వర్డ్‌లో, రేపు లిబ్రెఆఫీస్‌లో దిద్దుతూ పోతే అమరిక మెల్లగా జారిపోతుంది. ఒక కంప్యూటర్‌లో లేని ఫాంట్ స్థానంలో మరొకటి వచ్చి కూర్చుంటే పుటలు మారిపోతాయి. టైమ్స్ న్యూ రోమన్‌కు లిబరేషన్ సెరిఫ్, కాలిబ్రికి కార్లీటో అక్షరాల వెడల్పులో సరిగ్గా సరిపోయేలా తయారైనవి కాబట్టి వాటితో ఈ బాధ తక్కువ. కాబట్టి ఎంపికకు నా కొలబద్ద ఒక్కటే: మీ గైడూ సహ రచయితలూ ఏది తెరిచి దిద్దుతారో దానిలో రాయండి.

ఉల్లేఖనల గురించి ఒక హెచ్చరిక మాత్రం చేయాలి. ఉల్లేఖనలనూ గ్రంథసూచినీ చూసుకునే జొటేరో సాఫ్ట్‌వేర్ వాడేవారు లిబ్రెఆఫీస్‌లో రిఫరెన్స్ మార్క్‌లతో పెట్టిన ఉల్లేఖనలు, ఫైలును డాక్స్‌గా సేవ్ చేయగానే ప్రాణం లేని మామూలు అక్షరాలైపోతాయి. ఆ తరువాత శైలిని మార్చినా గ్రంథసూచి కదలదు. మారాల్సి వస్తే జొటేరో డాక్యుమెంట్ ప్రిఫరెన్సెస్‌లో వేరే వర్డ్ ప్రాసెసర్‌కు మారే ఆదేశం ఉంది, ముందు అది నొక్కి అప్పుడు ఫైలు మార్చండి. జర్నల్‌కు పంపే ప్రతిలో ఉల్లేఖనలను అన్‌లింక్ చేయవలసి (జొటేరోతో ముడి తెంచి మామూలు అక్షరాలుగా మార్చవలసి) వస్తే, ఆ పని నకలులోనే చేయండి, అసలు ఫైలును ముట్టుకోవద్దు.

గూగుల్ డాక్స్ నలుగురు కలిసి తొలి ముసాయిదా రాసుకోవడానికి చక్కనిది. పెద్ద థీసిస్ తుది అమరికకు నేను సూచించను.

వచ్చే వారమే గడువు పెట్టుకుని ఇది చదువుతున్నవారికి ఆందోళన ఉండడం సహజం. మీరు సాఫ్ట్‌వేర్ మార్చవద్దు. ఫైలుకు ఒక నకలు తీసి దాచి, శీర్షికలకు స్టైల్స్ ఇచ్చి, విషయసూచికను కొత్తగా తయారు చేయించండి. వ్యవధి మిగిలితేనే పటాల సంఖ్యల జోలికి వెళ్లండి. పీడీఎఫ్‌ను వేరే కంప్యూటర్‌లో తెరిచి, సమీకరణాలూ అడ్డంగా తిప్పిన పట్టికలూ ఉన్న పుటలను పంపే ముందు ఒక్కొక్కటిగా చూసుకోండి.