"ఈ వయసులో నాకు అక్షరాలేమిటి టీచరమ్మా?": వయోజన విద్యపై అపోహలు, వాస్తవాలు

నెల్లూరు జిల్లాలో పెద్దవారికి చదువు నేర్పే అక్షర దీపం ఉద్యమం నడిచిన రోజుల్లో, అంటే 1990ల మొదట్లో, ఇంటర్ చదువుతూ వలంటీరుగా చేరాను. ఒక లాంతరు, ఒక నల్లబల్ల, పొలం నుంచి వచ్చి కాళ్ళు కడుక్కుని కూర్చున్న పదిమంది ఆడవాళ్ళు. లాంతరు పోయి ట్యూబులైటు వచ్చింది కానీ, సాయంత్రాలు నేను చేసే పని ఇప్పటికీ అదే. ఇన్నేళ్ళలో నేర్చుకునేవారి నోట విన్న అపోహల కన్నా, బాగా చదువుకున్నవారి నోట విన్నవే ఎక్కువ.

అపోహ: మొక్కై వంగనిది మానై వంగదు

ఈ సామెతతో నన్ను వెనక్కి పంపని వీధి లేదు. పెద్దవారు పిల్లల్లా నేర్చుకోరన్నది నిజమే. గుణింతం చెబితే పిల్లలు చెప్పింది చెప్పినట్టు రాసుకుంటూ పోతారు. ఒకసారి ఒక పెద్దమ్మ మాత్రం నన్ను మధ్యలో ఆపింది. "కు, గు, ను... అన్నిటికీ కొమ్ము పక్కన పెట్టారు. 'వు' దగ్గరికి వచ్చేసరికి కిందికి ఎందుకు దించారు?" అని అడిగింది. అప్పటికి ఎన్నో వందలసార్లు 'వు' రాసి ఉంటాను, ఆ సంగతి ఎన్నడూ ఆలోచించలేదు. 'వ' పక్కన కొమ్ము పెట్టి చూపించాను. "అయ్యో, ఇది 'మ' కదా!" అని తనే జవాబు చెప్పేసింది. ఆ రోజు నుంచి మా తరగతిలో ఎవరూ ఆ రెండింటి దగ్గరా తడబడలేదు. పెద్దవారికి కారణం దొరికితే అక్షరం నిలుస్తుంది.

లక్నో దగ్గరి పల్లెల్లో చదువురాని పెద్దవారికి ఆరు నెలలు హిందీ చదవడం, రాయడం నేర్పి, అంతకు ముందూ ఆ తర్వాతా మెదడు స్కానింగ్ తీసి చూశారు. మెదడు లోతుల్లో సైతం మార్పులు కనిపించాయని 2017లో ప్రచురించారు. కేరళలో కార్త్యాయని అమ్మ 2018లో 96 ఏళ్ళ వయసులో అక్షరాస్యత పరీక్ష రాసి నూటికి 98 మార్కులు తెచ్చుకున్నారు. ఆవిడంటే ఎంతో గౌరవం. కానీ తరగతిలో ఆవిడ ఉదాహరణ చెప్పడం మానేశాను. "ఆవిడ గొప్పది, మేమెక్కడ" అని అందరూ ఇంకొంచెం ముడుచుకుపోతున్నారు.

అపోహ: బుర్రకు ఎక్కడం లేదు

ఇది నేర్చుకునేవారే అనుకునేది. ఈ మాట వినగానే నేను వేసే మొదటి ప్రశ్నకు చదువుతో సంబంధం ఉండదు. "అక్కా, సూదిలో దారం ఎక్కించగలుగుతున్నావా? బియ్యంలో రాళ్ళు కనిపిస్తున్నాయా?" అని అడుగుతాను. "అవి మా కోడలు చూసుకుంటుంది" అంటే సంగతి అర్థమైనట్టే. దగ్గరి చూపు తగ్గడం నలభై దాటితే వచ్చేది కాబట్టే దానికి చత్వారం అని పేరు, సంస్కృతంలో చత్వారింశత్ అంటే నలభై. చదివే అలవాటున్నవాడికి పేపరు మసకబారగానే తెలిసిపోతుంది. ఎన్నడూ చదవని మనిషికి తన కళ్ళు తగ్గాయని తెలిసే దారేది? వాచకం చేతికి ఇస్తే అక్షరాలు అలుక్కుపోయినట్టు కనిపిస్తాయి. చదువంటే ఇలాగే ఉంటుంది కాబోలు, మనకు రాదు కాబోలు అనుకుని మర్నాటి నుంచి రావడం మానేస్తుంది.

మూడు వారాలుగా 'తల'కూ 'వల'కూ తేడా చెప్పలేకపోయిన ఒకావిడకు, పక్కనున్న ఆవిడ తన అద్దాలు తీసి పెట్టింది. ఆవిడ వెంటనే పుస్తకం చదవలేదు. ముందు తన అరచేయి చూసుకుంది, తర్వాత చీర అంచు చూసుకుంది. ఆ తర్వాతే పుస్తకం తీసింది. ఇప్పుడు కొత్త తరగతి మొదలుపెట్టేటప్పుడు పలకల కన్నా ముందు కంటి పరీక్ష ఏర్పాటు చేసుకుంటున్నాను. ఈ ఒక్క పని చేయక, తొలి సంవత్సరాల్లో ఎంతమందిని మొద్దులుగా లెక్కకట్టానో తలచుకుంటే సిగ్గేస్తుంది.

అపోహ: సంతకం వచ్చిందంటే చదువు వచ్చినట్టే

సంతకం చాలామందికి ముగ్గు లాంటిది. ఎక్కడ మొదలుపెట్టి ఎటు తిప్పాలో చేతికి తెలుసు. 'లక్ష్మి' అని చక్కగా సంతకం చేసిన మనిషికి 'వల' అని రాసి చూపించి, "ఇందులో నీ పేరులోని అక్షరం ఏది?" అంటే దిక్కులు చూస్తుంది. జనాభా లెక్కల్లోనూ సంతకాన్ని అక్షరాస్యతగా తీసుకోరు. ఏడేళ్ళు నిండి, ఏదో ఒక భాషలో అర్థం చేసుకుంటూ చదవడం, రాయడం రావాలి. ఆ కొలతతోనే 2011లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో స్త్రీల అక్షరాస్యత 59 శాతం దగ్గర ఆగింది. ఈ రోజుల్లో చదువురానివారు ఎక్కడున్నారండీ అని అడిగేవారికి నా జవాబు ఇదే.

సంతకంతో ఇంకో చిక్కు ఉంది. నిశానీ, అంటే వేలిముద్ర, వేసే మనిషికి కాగితంలో ఏముందో ఎవరో ఒకరు చదివి చెప్పడం ఆనవాయితీ. సంతకం చేసే మనిషికి ఎవరూ చెప్పరు, చదువుకునే చేసిందనుకుంటారు. అప్పు కాగితాల దగ్గర మా వాళ్ళు మోసపోయినవన్నీ సంతకం నేర్చుకున్న తర్వాతే.

అపోహ: అ ఆ ఇ ఈలతో మొదలుపెట్టాలి

అక్కర్లేదు. యాభై ఆరు అక్షరాలు అప్పజెప్పే దాకా ఒక్క మాట కూడా చదవలేకపోతే, పగలంతా కలుపు తీసిన మనిషి ఎందుకు కూర్చోవాలి? మొదటి రోజే 'వల' రాస్తాను. మర్నాడు ఒక్క అక్షరం మార్చి 'తల', ఆ మర్నాడు 'కల'. మూడు రోజుల్లో నాలుగక్షరాలు, మూడు మాటలు. 'ఋ'తో పని ఎప్పుడో పడుతుంది, అప్పుడే చూసుకోవచ్చు.

అపోహ: చదువురానివారికి లెక్క రాదు

కూరగాయల బుట్ట ముందు కూర్చున్న ఆవిడతో ముప్పావు కిలో ధర దగ్గర వాదించి చూడండి. మా వాళ్ళకు లెక్క నోటిలో ఉంది, అంకె కంటికి పరిచయం లేదు, అంతే. నోట్లను రంగుతో గుర్తుపడతారు. అందుకే 2016 నవంబరు తర్వాత కొత్త నోట్లు వచ్చినప్పుడు వారికి పెద్ద ఇబ్బంది వచ్చిపడింది. ఆ నెలలో మా తరగతిలో పాఠం ఆపి, అంకెలే చెప్పాను. హాజరు ఎప్పుడూ లేనంత పెరిగింది.

అపోహ: ఫోను ఉండగా అక్షరాలెందుకు

మాట రికార్డు చేసి పంపుకోవచ్చు, ఫొటో చూసి ఫోను చేయవచ్చు, నిజమే. బ్యాంకు నుంచి సందేశం వస్తేనే తంటా. డబ్బు వచ్చిందో పోయిందో మనవడు చెప్పాలి, అదీ నిజం చెబితే. పైగా ఆ సందేశం ఎక్కువగా ఇంగ్లీషులో ఉంటుంది. తెలుగు నేర్చుకున్నవారు కూడా అక్కడ మళ్ళీ చదువురానివారే. ఇందుకు వాచకంలో పరిష్కారం లేదు. 'క్రెడిట్', 'డెబిట్' అనే రెండు మాటలను బొమ్మల్లా గుర్తుపట్టడం నేర్పుతున్నాను. పద్ధతి ప్రకారం ఇది తప్పే, అయినా మానను.

అపోహ: మూడు నెలల్లో అయిపోతుంది

జాతీయ సాక్షరతా మిషన్ 1988లో మొదలయ్యాక తయారైన వాచకాలకు దాదాపు 200 గంటల బోధన అని లెక్క. రోజుకు రెండు గంటలైతే వంద రోజులు. నాట్లు, కోతలు, పెళ్ళిళ్ళు, జ్వరాలు లేని వంద రోజులు ఏ ఊళ్ళో ఉన్నాయో నాకు తెలియదు. నా అనుభవంలో ఏడాది పడుతుంది. ఆపైన చదవడానికి ఏదీ లేకపోతే వచ్చిందీ పోతుంది. నా తొలి తరగతిలో చదివినవారిలో చాలామంది పదేళ్ళ తర్వాత మళ్ళీ వేలిముద్ర వేస్తుండగా చూశాను.

అపోహ: నేర్చుకుని చేసేదేముంది

మా జిల్లావాళ్ళకు ఈ మాట చెప్పకూడదు. వాచకంలో సారా వల్ల సంసారం కూలిపోయిన 'సీతమ్మ కథ' చదివి, చర్చించుకున్న దూబగుంట స్త్రీలు 1990ల మొదట్లో ఊళ్ళో సారా దుకాణాన్ని మూయించారు. వారి కథ తర్వాతి వాచకంలో పాఠమై, ఊరూరా పాకింది. 1993 అక్టోబరు 1న రాష్ట్రమంతటా సారాపై నిషేధం వచ్చింది.

అంత పెద్దవి రోజూ జరగవు. పోయిన ఏడాది ఒకావిడ ఇంట్లో ట్రంకుపెట్టె అడుగు నుంచి పొలం పాసు పుస్తకం తెచ్చింది. తన పేరు మీద వేలు పెట్టి, కూడబలుక్కుంటూ రెండుసార్లు చదివింది. "టీచరమ్మా, ఇందులో నా పేరు చివర 'మ్మ' లేదు, 'య్య' ఉంది" అంది. పన్నెండేళ్ళుగా ఆ పుస్తకం ఇంట్లోనే ఉంది, ఎందరో చేతబట్టారు, ఒక్కరూ చూడలేదు. మర్నాడు ఆవిడ అందరి కన్నా ముందే వచ్చి కూర్చుంది. అర్జీ ఎలా రాయాలో అడిగింది.