మీటరు చూపేది పీక్ కరెంట్ కాదు: ఏసీ (ఆల్టర్నేటింగ్ కరెంట్) గురించి కొన్ని అపోహలు - వాస్తవాలు

అపోహ: క్లాంప్ మీటరు (తీగ చుట్టూ బిగించి కరెంటు కొలిచే మీటరు) 10 ఆంపియర్లు చూపిస్తే, ఆ తీగలో కరెంటు 10 దాటదు.

వాస్తవం: దాటుతుంది. 50 హెర్ట్జ్ సరఫరాలో సెకనుకు 100 సార్లు దాటుతుంది. మీటరు చూపేది ఆర్‌ఎంఎస్ విలువ. అంటే హీటరును అంతే వేడి చేయడానికి ఎంత డీసీ కరెంటు కావాలో ఆ అంకె. సైన్ తరంగమైతే, అంటే కరెంటు నునుపైన అలలా ఎగసి దిగుతుంటే, పీక్ (అల శిఖరం) దానికి 1.414 రెట్లు, ఇక్కడ 14.14 ఆంపియర్లు. వోల్టేజీకీ ఇదే లెక్క: 230 అంటే పీక్ 325. ఏసీని డీసీగా మార్చే రెక్టిఫైయర్ తర్వాత పెట్టే కెపాసిటర్ మీద 400 వోల్టులని ఉండేది అందుకే. అక్కడ 250 వోల్టులది పెడితే పేలే ప్రమాదం ఉంది. దయచేసి ఆ పని చేయకండి.

అపోహ: మీటరు అంకెను 1.414తో గుణిస్తే ఏ లోడుకైనా పీక్ తెలిసిపోతుంది.

వాస్తవం: అనుభవం ఉన్నవాళ్లూ ఇక్కడే పొరబడతారు. ఆ గుణకం సైన్ తరంగానికే. పవర్ ఫ్యాక్టర్ కరెక్షన్ (కరెంటును సైన్ ఆకారానికి దగ్గరగా ఉంచే ఏర్పాటు) లేని చిన్న పవర్ సప్లై కరెంటును, తరంగాన్ని గీతగా చూపే ఆసిలోస్కోపులో కరెంట్ ప్రోబ్‌తో చూడండి. గీత చాలాసేపు సున్నా దగ్గరే సాగి, వోల్టేజీ పీక్‌కు చేరువయ్యేసరికి సూదిలా లేచి పడిపోతుంది. కెపాసిటర్‌లో ఉన్న వోల్టేజీని సరఫరా దాటినప్పుడే డయోడ్లు కరెంటును పోనిస్తాయి మరి. అర్ధ చక్రం 10 మిల్లీసెకన్లయితే, కరెంటు పారేది అందులో రెండు మూడు మిల్లీసెకన్లే. లోడుకు కావలసిందంతా ఆ కాసేపట్లోనే లాగాలి కాబట్టి పీక్ ఆర్‌ఎంఎస్‌కు మూడు రెట్లకు చేరుతుంది, ఒక్కోసారి మించుతుంది. యూపీఎస్ ఆ పీక్‌నూ ఇవ్వగలగాలి; దాన్ని ఎంచుకునేటప్పుడు వాట్లు మాత్రమే చూస్తే చాలదని నేను గట్టిగా చెప్పేది ఇందుకే.

ఇలాంటి లోడు దగ్గర ట్రూ ఆర్‌ఎంఎస్ కాని మీటరును నమ్మకండి. అది సగటును కొలిచి, సైన్ తరంగమే అనుకుని 1.11తో గుణించి చూపిస్తుంది. అసలు కరెంటు కంటే బాగా తక్కువ కనిపిస్తుంది. తీగ తొడుగు చేతికి వేడిగా తగులుతున్నా, మీటరులో అంకె మామూలుగానే ఉండటం నేను చూశాను.

అపోహ: వోల్టేజీ పీక్‌లో ఉన్నప్పుడే కరెంటూ పీక్‌లో ఉంటుంది.

వాస్తవం: హీటరులో అంతే. నిరోధం లేని కాయిల్‌లో అయితే 50 హెర్ట్జ్ దగ్గర కరెంటు పీక్ 5 మిల్లీసెకన్లు ఆలస్యంగా వస్తుంది.

అపోహ: మోటారు స్టార్టింగ్ కరెంటే దాని పీక్ కరెంట్.

వాస్తవం: నేరుగా స్టార్ట్ చేసే ఇండక్షన్ మోటారు పూర్తి లోడు కరెంటుకు దాదాపు 6 నుంచి 8 రెట్లు లాగుతుందంటారు కదా, అదీ ఆర్‌ఎంఎస్ లెక్కే. 5 ఆంపియర్ల మోటారుకు 6 రెట్లంటే 30, దాని పీక్ 42. స్విచ్ వేసిన క్షణాన్ని బట్టి మొదటి అర్ధ చక్రంలో అది ఇంకా పైకి పోవచ్చు. బ్రేకర్‌లోని మాగ్నెటిక్ ట్రిప్ (కరెంటు ఒక్కసారిగా పెరిగితే వెంటనే ఆపేసే భాగం) స్పందించేది ఆ మొదటి దెబ్బకే.